బ్యాండు అడుగులు తప్పుగా లెక్కపెడుతోంది.. కేసు వేయవచ్చా?

సందేహం: నా వయసు 61. ఆరు నెలల కిందట ఆన్‌లైన్‌లో రూ.4,999కి ఫిట్‌నెస్ బ్యాండు కొన్నాను. '99 శాతం కచ్చితమైన అడుగుల లెక్క' అని ప్రకటనలో ఉంది. పార్కులో వెయ్యి అడుగులు వేస్తే 800 కూడా చూపించడం లేదు. స్కూటర్‌పై బజారుకు వెళ్లొస్తే మాత్రం రెండు, మూడు వందలు కలిపేస్తోంది. కంపెనీ 'ఇది మామూలే' అంటోంది. అమ్మిన సైటువాళ్లు రిటర్న్ గడువు అయిపోయిందంటున్నారు. రోజుకు పది వేల అడుగులు నడిస్తే ఆరోగ్య బీమా రెన్యువల్‌లో ఇచ్చే రాయితీ కూడా దీనివల్ల పోయింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

సలహా: వెళ్లవచ్చు. అయితే 'లెక్క తప్పుతోంది' అన్న ఒక్క మాట మీద కేసు నిలవదు. ఏం చెప్పి అమ్మారు, వస్తువు ఏం చేస్తోంది అన్న రెండింటి మధ్య తేడాను రుజువు చేయాలి. '99 శాతం' అన్న అంకె ప్రకటనలో ఉండటం మీకు బలం. ఆ పేజీని తేదీ, లింకు కనపడేలా ఈరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీరు పంపే నోటీసు కంపెనీకి అందాక ఇలాంటి అంకెలు సైటులోంచి మాయమవడం కొత్తేమీ కాదు.

అవతలివాళ్ల వాదన ఎలా ఉంటుందో ముందే తెలుసుకోవాలి. మణికట్టు బ్యాండుకు కాలు కనపడదు. అందులోని యాక్సిలరోమీటర్ (కదలికను కొలిచే సెన్సర్) చేతి ఊపును పసిగడుతుంది, ఆ ఊపు నడక లయలో ఉంటే అడుగుగా లెక్క వేస్తుంది. చేతులు వెనక్కి కట్టుకుని నడిచినా, జేబులో పెట్టుకున్నా, బాగా నెమ్మదిగా నడిచినా కొన్ని అడుగులు జారిపోతాయి. గుంతల రోడ్డు మీద హ్యాండిల్ అదురు అడుగులుగా నమోదు కావచ్చు. కాబట్టి 'లోపం వస్తువులో లేదు, వాడకంలో ఉంది' అంటారు. అందులో కొంత నిజముంది. స్కూటర్ సంగతిని మీ ఫిర్యాదులో ప్రధానాంశం చేయవద్దు.

అందుకే పరీక్ష పకడ్బందీగా చేయండి. యాప్‌లో కుడిచెయ్యా, ఎడమచెయ్యా అన్న సెట్టింగ్ సరిచూసి, బ్యాండును మణికట్టు ఎముకకు కాస్త పైన బిగుతుగా పెట్టుకోండి. చదునైన దారిలో, చేతులు మామూలుగా ఊపుతూ, జపానికి వాడే కౌంటర్‌తో లెక్కపెట్టుకుంటూ సరిగ్గా 500 అడుగులు వేయండి. మొదటి రీడింగు, నడక, ఆగాక ఒక నిమిషానికి వచ్చే చివరి రీడింగు అన్నీ ఎక్కడా తెగని ఒకే వీడియోలో ఉండాలి. వేర్వేరు రోజుల్లో నాలుగైదుసార్లు చేయండి. అదే బ్యాండుతో ఇంట్లో వడిగా నడిచే మరొకరి చేత కూడా చేయించండి. వాళ్లకు 495 వచ్చి మీకు 400 వస్తే సమస్య మీ నడక తీరుతో ముడిపడినట్టే, కేసు బలహీనపడుతుంది. ఇద్దరికీ తగ్గితే లోపం బ్యాండులోనే ఉందని గట్టిగా చెప్పవచ్చు. పోలికకు ఒక కొలబద్ద కావాలంటే, జపాన్ ప్రమాణం జేఐఎస్ ఎస్ 7200 పెడోమీటర్లకు (అడుగులు లెక్కపెట్టే పరికరాలకు) నూరు అడుగుల్లో మూడు అడుగుల తేడాను మాత్రమే అనుమతిస్తుంది. అది మన కమిషన్‌ను కట్టడి చేయదు గానీ, 'ఇరవై శాతం తేడా మామూలే' అన్న జవాబుకు ఎదురు నిలుస్తుంది.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం-2019 సెక్షన్ 2(10) ప్రకారం అమ్మకందారు చెప్పుకున్న ప్రమాణానికి తగ్గినా అది లోపమే. సెక్షన్ 2(28) తప్పుదోవ పట్టించే ప్రకటన గురించి చెబుతుంది. మీకు అన్నిటికంటే పనికొచ్చేది సెక్షన్ 2(47). తగిన పరీక్ష చేయకుండా వస్తువు పనితీరుపై హామీ ఇవ్వడం అనుచిత వాణిజ్యమని అందులో ఉంది. పరీక్ష చేశామని కంపెనీ అంటే, దాన్ని రుజువు చేసే భారం కంపెనీదే. ఆ నివేదిక ఇవ్వమని నోటీసులోనే అడగండి.

రిటర్న్ గడువు సైటు పెట్టుకున్న నియమం. ఫిర్యాదుకు సెక్షన్ 69 ఇచ్చే గడువు, కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. ముందు సైటు గ్రీవెన్స్ అధికారికి రాయండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేయవచ్చు. అప్పటికీ తేలకపోతే ఇన్‌వాయిస్‌లో ఉన్న విక్రేతను, పెట్టె మీద పేరున్న తయారీదారు లేదా దిగుమతిదారును, సైటును ప్రతివాదులుగా చేర్చి మీ జిల్లా కమిషన్‌లోనే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఫిర్యాదు వేయండి. కొన్న ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయర్ కూడా తప్పనిసరి కాదు.

చిక్కు ల్యాబ్ దగ్గర వస్తుంది. పరీక్ష అవసరమనుకుంటే కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపి 45 రోజుల్లో నివేదిక కోరుతుంది. దాని ఖర్చు ముందుగా మీ చేత జమ చేయించవచ్చు. రూ.4,999 బ్యాండుకు ఆ ఖర్చు గిట్టుబాటు కాకపోవచ్చు. అఫిడవిట్‌తో పాటు పెట్టే వీడియోల మీద ఇంత పట్టు పట్టడం అందుకే. తీర్పుకు చట్టం చెప్పే గడువు మూడు నెలలు, పరీక్ష ఉంటే ఐదు. వాస్తవంలో ఎక్కువే పడుతుంది.

గెలిస్తే ధర వాపసు లేదా కొత్త బ్యాండు, కొంత పరిహారం, ఖర్చులు రావచ్చు. లక్షలు అడగవద్దు. అమెరికాలో తన ఫిట్‌నెస్ బ్యాండు 'ఫ్యూయల్‌బ్యాండ్' లెక్కలపై వచ్చిన దావాను నైకీ 2015లో రాజీ చేసుకున్నప్పుడు కొన్నవారికి దక్కింది 15 డాలర్ల నగదు లేదా 25 డాలర్ల గిఫ్ట్ కార్డు. మీకు దేహహాని గానీ, వేరే ఆస్తికి నష్టం గానీ జరగలేదు కాబట్టి ప్రొడక్ట్ లయబిలిటీ (వస్తువు వల్ల కలిగిన హానికి బాధ్యత) కింద అడిగే వీలూ లేదు.

బీమా రాయితీ సంగతి కష్టమే. పాలసీ షరతులు, రెన్యువల్ నోటీసు జతచేసి పరిహారంలో భాగంగా అడగండి, బీమా కంపెనీని మాత్రం ఇందులోకి లాగవద్దు. కమిషన్ అడిగే మొదటి ప్రశ్న 'మీరు నిజంగా పది వేలు నడిచారా' అన్నదే. బ్యాండు మీ అడుగుల్లో 78 శాతమే లెక్కిస్తోందని తేలితే, 7,800 చూపిన రోజు మీరు పది వేలు నడిచినట్టు వాదించవచ్చు. 6,000 చూపిన రోజు ఆ లెక్కన కూడా 7,700 దాటదు. అందుకే రోజువారీ లెక్కలను యాప్ నుంచి ఇప్పుడే దించుకోండి. సర్వీస్ సెంటర్‌లో రీసెట్ చేస్తే అవి పోవచ్చు. బ్యాండు అక్కడ ఇచ్చేటప్పుడు జాబ్‌షీట్ మీద 'అడుగుల లెక్క తక్కువ చూపుతోంది' అని రాయించుకుని, ఒక నకలు తీసుకోండి.