గుర్రం పాలు పితికేదెవరు?

ప్రశ్న: నేనొక ఊహాలోక నవల రాస్తున్నాను. అందులో స్టెప్పీ అనే చెట్లులేని గడ్డి మైదానాల్లో తిరిగే ఒక తెగ ఉంది. లక్షమంది ఆశ్వికులు. ఏడాది పొడవునా యుద్ధాలే, ఊళ్ళు తగలబెట్టడమే వాళ్ళ పని. చదివిన మిత్రులు బాగుందంటూనే నమ్మబుద్ధి కావడం లేదంటున్నారు. లోపం ఎక్కడ?
– ఒక రచయిత, కర్నూలు

జవాబు: మీరు జతచేసిన అధ్యాయాలు చదివాను. తలలు తెగిపడ్డాయి, కోటలు కూలాయి, నెత్తురు ఏరులై పారింది. ఒక్క గొర్రె మాత్రం ఎక్కడా కనబడలేదు. ఇంతమంది ఏం తిని బతుకుతున్నారు స్వామీ?

నిజంగా స్టెప్పీలో బతికేవాళ్ళను చూడండి. మంగోలులు గుర్రం, ఒంటె, ఆవు, గొర్రె, మేక అని ఐదు రకాల పశువులను లెక్కపెట్టుకుంటారు. కథల్లో పేరంతా గుర్రానిదే అయినా ఇల్లు నిలిచేది గొర్రె మీద. దాని ఉన్నిని కర్రలతో కొట్టి, పరిచి, నీళ్ళు చల్లి, గట్టిగా చుట్టి, ఆ చుట్టను గుర్రానికి కట్టి మైదానమంతా ఈడ్పిస్తారు. అలా తయారైన మందపాటి ఫెల్ట్‌ను కర్రల చట్రం మీద కప్పితే ఇల్లు. పొయ్యిలోకి ఎండిన పేడ. చెట్లులేని చోట మీ వీరులు రాత్రంతా దుంగలు పేర్చి చలిమంట వేసుకున్నారు. ఆ దుంగలు ఎక్కడివో కనుక్కోండి.

ఇక సైన్యం. మంగోలు యోధుడు ఒకే గుర్రంతో బయలుదేరడు. ఒకటి అలిసిపోతే ఎక్కడానికి మరికొన్నిటిని వెంట తోలుకుపోతాడు. మనిషికి నాలుగు అనుకున్నా మీ లక్షమందికి నాలుగు లక్షల గుర్రాలు. అవన్నీ గడ్డి మేయాలి, నీళ్ళు తాగాలి. ఒకే చోట నెలల తరబడి విడిది చేశారని రాశారే, మొదటి వారానికే చుట్టుపక్కల నేల బోడి అవుతుంది. 1242లో మంగోలులు హంగరీ నుంచి ఎందుకు వెనుదిరిగారని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. గడ్డి చాలలేదన్నది ఆ వాదాల్లో ఒకటి. చూశారా, గడ్డి కూడా కథ నడుపుతుంది.

ఋతువులను కూడా వాడుకోండి. 1237 చలికాలంలో మంగోలులు రష్యన్ల మీద పడినప్పుడు గడ్డకట్టిన నదులే వాళ్ళకు రహదారులు. మీరేమో చిత్తడి వానల్లో బాణాల యుద్ధం పెట్టారు. వాళ్ళ విల్లు కర్ర, కొమ్ము, జంతువుల నరాలు కలిపి జిగురుతో అతికించినది. తేమ తగిలితే దాని పట్టు సడలుతుంది. కావాలంటే మీ నాయకుణ్ణి ఆ వానలోనే ఓడించండి, నాకు అభ్యంతరం లేదు.

తెగకు శత్రువు కావాలంటే మరో రాజే అక్కర్లేదు. మేత మంచు కింద గట్టిగా బిగుసుకుపోయి మందలు చచ్చే చలికాలాన్ని మంగోలియాలో ‘జుద్’ అంటారు. 2009–10లో వచ్చిన జుద్‌కు అక్కడ 80 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. అంత నష్టపోయిన తెగ వసంతంలో పొరుగువాళ్ళ మీదికి ఎందుకు వస్తుందో పాఠకుడికి మీరు విడమరచి చెప్పనక్కర్లేదు.

మరో మాట. కాపరికీ రైతుకూ మధ్య ఎప్పుడూ కత్తులే ఉండవు. మన గొర్రెల కాపరులు వలస దారిలో పొలంలో మంద పెడతారు, ఎరువు దక్కినందుకు రైతు గింజలో డబ్బో ఇస్తాడు. స్టెప్పీ జనం కూడా గుర్రాలు, తోళ్ళు ఇచ్చి ధాన్యం, బట్ట, ఇనుప సామాను తీసుకునేవారు. ఊళ్ళన్నీ తగలబెడితే రేపు రికాబుకు ఇనుము అమ్మేదెవరు?

ప్రశ్న: నా తెగలో ఆడవాళ్ళను డేరాల్లో ఏడుస్తూ కూర్చున్నట్టు రాశాను. ఆ కాలానికి అదే సహజం కదా?
– అదే రచయిత

జవాబు: కాదు. 1253–55 మధ్య మంగోలుల దేశం తిరిగివచ్చిన విలియం ఆఫ్ రుబ్రూక్ అనే సన్యాసి, ఎవరి పని ఏమిటో చక్కగా రాసిపెట్టాడు. బండ్లు తోలడం, ఇళ్ళను బండ్ల మీదికి ఎక్కించి దించడం, ఆవుల పాలు పితకడం, తోళ్ళు శుద్ధిచేసి కుట్టడం ఆడవాళ్ళ పని. ఒకదాని వెనక ఒకటి కట్టిన ఇరవై ముప్పై బండ్లను ఒక్క స్త్రీయే నడిపించేదట. ఆడగుర్రాల పాలు పితకడం, ఆ పాలను చిలికి పులియబెట్టడం మాత్రం మగవాళ్ళ వంతు. గుర్రం పాలు చేపాలంటే పిల్లను దగ్గరికి తేవాలి, రోజుకు చాలాసార్లు పితకాలి. మీ మహావీరుడి చేత ఒకసారి ఆ పని చేయించండి, ఎంత బాగుంటుందో!

అధికారమంటారా, మంగోలుల చక్రవర్తి ఒగెదెయి ఖాన్ 1241లో చనిపోయాక కొత్త ఖాన్ గద్దెనెక్కే 1246 దాకా సామ్రాజ్యాన్ని నడిపింది అతని భార్య తొరెగెనె. ఏడవడానికి ఆవిడకు తీరిక దొరికిందనుకోను.

ప్రశ్న: వాళ్ళందరికీ నల్లతోలు దుస్తులే వేశాను. ముఖచిత్రం కూడా అలాగే గీయిస్తున్నాను. ఫరవాలేదా?
– అదే రచయిత

జవాబు: గీయించకండి. సైబీరియా దక్షిణాన ఆల్టాయ్ కొండల్లో పజిరిక్ అనే చోట మంచు పట్టిన పాతకాలపు స్టెప్పీ జనం సమాధులు తవ్వితే, రెండువేల ఏళ్ళకు పైబడిన ఎర్రటి తివాచీ, రంగురంగుల ఫెల్ట్ గుర్రపు అలంకరణలు, ఫెల్ట్‌తోనే చేసిన హంసలు దొరికాయి. ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఫొటోలు మీ చిత్రకారుడికి చూపించండి. గొర్రెలున్న అధ్యాయం రాశాక నాకు మళ్ళీ పంపండి.