పాత వీడియో గేముల నాదం బ్రౌజర్‌లో పలుకుతుందా?

ప్రశ్న: నేను ప్రోగ్రామర్‌ని. చిన్ననాటి వీడియో గేముల్లో విన్నటువంటి సంగీతాన్ని, రికార్డింగులేవీ లేకుండా నా వెబ్‌సైటులో వినిపించగలనా?

జవాబు: తప్పకుండా వినిపించవచ్చు. 1983లో జపానులో విడుదలైన నింటెండో ఫామికామ్ అనే గేమ్ యంత్రంలో పాటలను రికార్డు చేసి దాచేంత చోటు లేదు కనుక, రెండు పల్స్ తరంగాలు, ఒక ట్రయాంగిల్ (త్రిభుజాకార తరంగం), ఒక నాయిస్ (గరగర శబ్దం), చిన్న శాంపిళ్లకు (రికార్డు చేసిన ధ్వని తునకలకు) మరొకటి, ఇలా 5 చానెళ్లతో (విడివిడి ధ్వని మార్గాలతో) చిప్ అప్పటికప్పుడే ధ్వనిని పుట్టించేది. వాటిలో ట్రయాంగిల్ శబ్దాన్ని హెచ్చించే, తగ్గించే వీలు లేదు. దాన్ని ఎక్కువగా బేస్‌కే (కింది స్వరాలకే) వాడారు. నన్ను అన్నిటికంటే ముగ్ధుణ్ణి చేసే పనితనం, ఒకే చానెల్‌లో మూడు స్వరాలను అతివేగంగా మారుస్తూ అవి కలిసి మోగుతున్నట్టు చెవికి తోపించడం. బ్రౌజర్‌లోనే ధ్వనిని పుట్టించే వెబ్ ఆడియో సదుపాయంలో, తరంగాన్ని పుట్టించే ఆసిలేటర్‌కు 'స్క్వేర్' రకం (పల్స్ తరంగంలో ఒకటి) ఇచ్చి, 440, 554, 659 హెర్ట్జ్‌ల మధ్య (అంటే స, గ, ప) సెకనుకు 60 సార్లు మార్చి వినండి. అయితే చూసేవారు బటన్ నొక్కిన తరువాతే ధ్వనిని మొదలుపెట్టండి, లేకుంటే బ్రౌజర్లు సాధారణంగా అడ్డుకుంటాయి.