కొరియన్ సీరియల్ 'రిప్లై 1988' రెండో ఎపిసోడ్‌లోనే ఆపేశానన్నావు కదా, ఇలా చూడు

బ్రో, అందరూ తెగ పొగుడుతున్నారని మొదలెడితే కథ కదలట్లేదు, పేర్లు గుర్తుండట్లేదు అన్నావు, నాకూ అదే అయింది. పేర్ల గొడవ వదిలెయ్. సియోల్‌లో ఒకే సందులో ఉండే అయిదు కుటుంబాలు, అంతే. అక్కడా మనలాగే ఆడవాళ్లని ఫలానా వాళ్లమ్మ అని పిలుస్తారు కాబట్టి పిల్లల పేర్లు పట్టుకుంటే చాలు.

డబ్బింగ్ దొరికినా పెట్టకు, కొరియన్‌లోనే విను. అన్నని అబ్బాయైతే హ్యోంగ్ అంటాడు, అమ్మాయైతే ఓప్పా అంటుంది, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో చాలాసార్లు అక్కడ ఉత్త పేరే పడుతుంది, వరస పోతే సగం రుచి పోయినట్టే. (నాన్నని అప్పా అంటుంటే మా అమ్మ ఇది తమిళమా అనడిగింది!)

స్లో అన్నమాట నిజమే. 20 ఎపిసోడ్లు, ఒక్కోటీ గంటన్నర అటూ ఇటూ. రోజుకొకటి మించి చూడకు. మొదటి ఎపిసోడ్‌లో అక్కకీ తమ్ముడికీ గుడ్డు వేసిపెట్టి తనకి మాత్రం పెట్టలేదని హీరోయిన్ దోక్‌సన్ గొంతు చించుకుని ఏడుస్తుంది చూడు, నడిపి సంతానం ఎవరైనా అక్కడ పడిపోతారు. అదీ ఎక్కలేదంటే బలవంతం వద్దు, 2016లో వచ్చిన 'సిగ్నల్' పెట్టుకో, పాత వాకీటాకీలో గతంలోని పోలీసు మాట్లాడే కథ, 16 ఎపిసోడ్లే.