మూతబడిన బడి భవనాన్ని ఊరు వాడుకోవాలంటే

మీ ఊళ్ళో పిల్లలు లేక మూతబడిన మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలను గ్రంథాలయంగానూ, మహిళా సంఘాల సమావేశాలకూ వాడుకోవచ్చా, ఎవరిని అడగాలి అని అడిగారు. తప్పకుండా వాడుకోవచ్చు. కాకపోతే తాళం తీయకముందే అనుమతి కాగితం చేతికి రావాలి. మేము ఆ వరుస తప్పి ఐదు నెలలు పోగొట్టుకున్నాము కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది కృష్ణా తీరం. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పిన ప్రాంతం మాకు దగ్గరే. అటువంటి చోట పుస్తకాల గది లేకపోవడమేమిటన్న పట్టుదలతో పదిమందిమి కలిసి బడి తలుపులు తెరిచాము. నల్లబల్ల మీద చివరి రోజు తేదీ, దాని కింద ‘నమోదు 9, హాజరు 7’ అని సుద్దతో రాసినది చెరగకుండా ఉంది. దానిని అలాగే ఉంచి, గదులకు సున్నాలు వేసి, ఇళ్ళ నుంచి సేకరించిన పుస్తకాలు సర్ది, బయటి గోడ మీద మా యువజన సంఘం పేరు పెద్ద అక్షరాలతో రాయించాము. మేము చేసిన తప్పు అదే. వారం తిరగకముందే, సర్కారు బడిని ఒక వర్గం కబ్జా చేసిందని అవతలి వీధి వాళ్ళు ఫిర్యాదు చేయగా, అధికారులు వచ్చి తాళం వేశారు. ఆ వానాకాలమంతా లోపల శ్లాబు కారి, అట్టలు ఉబ్బి, సగం పుస్తకాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఫిర్యాదు చేసినవారి మీద నాకు ఇప్పుడు కోపం లేదు. గోడ మీద ఆ పేరు చూస్తే ఎవరికైనా అదే అనుమానం వస్తుంది.

తరువాత చేసిన పని చెబుతాను. ముందుగా ఆ స్థలం ఎలా వచ్చిందో విచారించాము. పాత బడులలో చాలావాటికి ఎవరో ఒక దాత ఇచ్చిన స్థలమే ఉంటుంది. కొన్నిసార్లు అది రాతపూర్వకంగా కూడా ఉండదు. మా దాత మనుమలు అభ్యంతరం లేదని సంతకాలు చేసి ఇచ్చాకే మేము దరఖాస్తు పెట్టాము.

ఆపైన గ్రామసభ తీర్మానం. ఇందులో ప్రతి మాటా ముఖ్యమే. మా మొదటి ముసాయిదాలో ‘భవనాన్ని సంఘానికి అప్పగించవలెను’ అని ఉంటే, పంచాయతీ కార్యదర్శి దానిని చదివి, ఈ ఒక్క మాట మీదే ఫైలు తిరిగి వస్తుందని హెచ్చరించారు. చివరకు, యాజమాన్యం మండల పరిషత్‌దేననీ, మాకు వాడుకకు మాత్రమే అనుమతి కావాలనీ, మళ్ళీ బడికి అవసరమైన నాడు ఖాళీ చేస్తామనీ రాయించాము. ఆ వాక్యాలతోనే ఎంపీడీఓ గారికీ, మండల విద్యాశాఖాధికారి గారికీ దరఖాస్తులు వెళ్ళాయి. గ్రంథాలయం నడపడానికి యువజన సంఘం కాక వేరే కొత్త సంఘం పెట్టాము. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద దానికి ఏడుగురు సభ్యులు చాలు. మేము మాత్రం ప్రతి వీధి నుంచీ ఒకరిని, డ్వాక్రా సంఘాల నుంచి ఇద్దరిని తీసుకున్నాము. అంతకుముందు మా మీద ఫిర్యాదు చేసిన పెద్దాయనే ఇప్పుడు కోశాధికారి. లెక్కల పుస్తకం ఆయన దగ్గర ఉన్నప్పటి నుంచి చందా అడగడానికి ఎవరికీ మొహమాటం లేదు.

పంచాయతీరాజ్ ఇంజనీరు వచ్చి శ్లాబు, సన్‌షేడ్లు చూసి వెళ్ళేవరకు పిల్లలను లోపల కూర్చోబెట్టకండి. కరెంటు మీటరు ఎవరి పేరున ఉందో, పాత బకాయి ఎంతో కూడా ముందే అడగండి. మాకు ఆ బకాయి కట్టడానికే మొదటి చందా అంతా పోయింది. పుస్తకాలు, దినపత్రికల కోసం జిల్లా గ్రంథాలయ సంస్థకు దరఖాస్తు పెట్టడానికి సంకోచించవలసిన పని లేదు. ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఊరంతా కడుతూనే ఉంది.

తాళంచెవులు మా దగ్గర రెండే ఉన్నాయి, ఒకటి పంచాయతీలో, ఒకటి డ్వాక్రా సంఘం లీడరు గారింట్లో. సాయంత్రం ఐదింటికి ఆవిడే వచ్చి తలుపు తీస్తారు.

మీ బడి స్థలం దాత ఇచ్చినదా, గ్రామకంఠమా (ఊరి నివాస స్థలం), పోరంబోకా (ప్రభుత్వ భూమి) అన్నది రెవెన్యూ రికార్డులో చూసి నాకు తెలియజేయండి. దరఖాస్తు ఎవరి పేరున పెట్టాలో, తీర్మానంలో ఏ మాటలు ఉండాలో అప్పుడు వివరంగా రాస్తాను.