బీరువాలో మూడేళ్లు పడి ఉన్న రిపోర్టు

కిడ్నీ క్యాన్సర్ రోగుల బృందాల్లో చేరితే ఓదార్పు తప్ప ఇంకేమైనా దొరుకుతుందా, కొత్త మందుల పరిశోధన అసలు మనదాకా వస్తుందా అని మీరు అడిగారు. అలాంటి బృందంలోని ఒక పెద్దావిడ వేసిన ప్రశ్న వల్లే మా నాన్నగారి చికిత్స మారింది కనుక, దొరుకుతుందనే నా జవాబు.

గుంటూరులో ఉండే నాన్నగారికి 2019లో ఎడమ మూత్రపిండం తీసేశారు. మూడేళ్ల తరువాత ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించాయి. అప్పుడు చూసిన డాక్టరుగారు, పాత డిశ్చార్జి సమ్మరీలో ‘మూత్రపిండ క్యాన్సర్’ అని మాత్రమే ఉండటంతో, సాధారణంగా ఇచ్చే సునిటినిబ్ మాత్రలు రాశారు. రెండు నెలలు తిరగకుండానే అరికాళ్లు పొక్కి, నోరు పూసి, నాన్నగారు పెరుగన్నం తప్ప ఏదీ మింగలేని స్థితికి వచ్చారు. ఇంత బాధపడ్డా స్కాన్‌లో గడ్డలు పెరిగే కనిపించాయి. వేరే మందు ఏదైనా ఉందా అని నేను బృందంలో అడిగాను. భర్తకు ఇదే జబ్బు వస్తే ఆరేళ్లు చూసుకున్న రాజమండ్రి ఆవిడ ఆ సాయంత్రమే ఫోన్ చేసి, “మందు సంగతి తరువాత చూద్దాం బాబూ, ముందు మీ నాన్నగారిది ఏ రకమో చెప్పు” అన్నారు. ఇందులో రకాలుంటాయని కూడా అప్పటికి నాకు తెలియదు.

ఆ రాత్రి అమ్మ బీరువా అంతా దింపాము. పట్టుచీరల కింద, ఇంటిపన్ను రసీదులతోనూ ఎల్‌ఐసీ బాండ్లతోనూ కలిసిపోయిన కవరులో మూడు పేజీల బయాప్సీ రిపోర్టు దొరికింది. రెండో పేజీ అడుగున ‘పాపిల్లరీ’ అని స్పష్టంగా ఉంది. సమ్మరీ రాసినవారు ఆ ఒక్క మాటను వదిలేశారు, కొత్త డాక్టరుగారు అడగలేదు, మేము చూపించలేదు. మూడు పేజీల బిల్లులో దూదికి కూడా లెక్క రాసే ఆస్పత్రి, క్యాన్సర్ రకం రాయడానికి మాత్రం చోటు లేనట్లు ప్రవర్తించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మూత్రపిండ క్యాన్సర్లలో సుమారు నాలుగింట మూడు వంతులు క్లియర్ సెల్ రకం కావడం వల్ల పరిశోధన చాలా వరకు దాని చుట్టూనే తిరిగింది. ఆ రకంలో వీహెచ్ఎల్ జన్యువు చెడిపోయి, కణం తనకు ఆక్సిజన్ అందడం లేదన్న భ్రమలో కొత్త రక్తనాళాలను రప్పించుకుంటుంది. కణాలు ఆక్సిజన్‌ను ఎలా పసిగడతాయో కనుగొన్నందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెన్జాలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది; ఆ దారిలోనే పుట్టిన బెల్జుటిఫాన్ మాత్రకు ముదిరిన మూత్రపిండ క్యాన్సర్‌లో వాడటానికి అమెరికాలో 2023 డిసెంబరులో అనుమతి లభించింది. పాపిల్లరీ రకం లెక్క వేరు. 2021లో వెలువడిన ఒక అమెరికా ట్రయల్‌లో ఈ రకం రోగులకు సునిటినిబ్‌తో జబ్బు సగటున 5.6 నెలలు అదుపులో ఉంటే, కాబోజాంటినిబ్ అనే మరో మాత్రతో 9 నెలలు ఉంది. రిపోర్టు చూపించగానే డాక్టరుగారు ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా మందు మార్చారు. ఆ తరువాతి సంక్రాంతికి నాన్నగారు అరిసెల పాకం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని అమ్మకు తప్పులు పట్టారు.

రోగుల పక్షాన నిలబడటమంటే రిబ్బను పెట్టుకుని నడవడమేనని కొందరు అనుకుంటారు. బ్రిటన్‌లో ఖర్చు ఎక్కువన్న కారణంతో సునిటినిబ్‌ను ప్రభుత్వ వైద్యంలో ఇవ్వవద్దని 2008 ఆగస్టులో, అక్కడ ఏ మందులివ్వాలో సిఫారసు చేసే నైస్ సంస్థ ముసాయిదా వెలువరిస్తే, రోగులూ వారి కుటుంబాలూ గట్టిగా ఎదురు తిరిగారు. 2009 మార్చికల్లా ఆ నిర్ణయం మారింది. అలా అడిగేవాళ్లు మన దగ్గర తక్కువ, కషాయాల వీడియోలు పంపే బంధువులు ఎక్కువ. నన్నడిగితే, ఫైలు కంఠతా వచ్చిన ఒక రోగి భార్య పదిమంది నిపుణుల పెట్టు.

ఇప్పుడు బృందంలో ఎవరు కొత్తగా చేరినా నేను మొదట బయాప్సీ రిపోర్టు ఫొటో పంపమంటాను. సగంమంది ఆస్పత్రి బిల్లు పంపుతారు.