చీటీ రాసి పర్సులో పెట్టుకో

చిట్టీ,

నువ్వు ఒక్కదానివే కౌలాలంపూర్ వెళ్తున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. నాకు ముందు కోపం వచ్చింది. ఒకే చెన్నైలో వేళచ్చేరి నుంచి మాంబళం ఎంత దూరమని, వచ్చి ఒక మాట చెప్పకూడదటే? తర్వాత, నీ జీతం డబ్బుతో నువ్వే టిక్కెట్టు కొనుక్కున్నావని విన్నాక కాఫీ పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. మన ఇంట్లో ఆడపిల్ల సొంత డబ్బుతో సముద్రం దాటడం ఇదే మొదలు. మీ అమ్మకి ఆ మాట చెప్పాను. భయపడొద్దని మాత్రం చెప్పలేదు, నాకూ భయంగానే ఉంది మరి.

టిక్కెట్టు పట్టుచీర కంటే చవకగా వచ్చిందన్నావట. చవక విమానంలో వాళ్ళు అమ్మేది సీటు ఒక్కటే. తిండి, నీళ్ళు, పెట్టె, కిటికీ పక్క చోటు, దేని లెక్క దానిదే. చేతి సంచీ 7 కిలోలు దాటకూడదు, ఇంట్లోనే తూచుకో. పెట్టెకి ఇప్పుడే ఆన్‌లైన్‌లో కట్టేయ్, కౌంటర్ దగ్గరైతే వాత పెడతారు. పవర్ బ్యాంక్ చేతి సంచీలోనే ఉండాలి, ఆవకాయ పెట్టెలోనే ఉండాలి. తారుమారు చేశావో రెండూ పోతాయి. ఎండు కొబ్బరి చిప్పలు మాత్రం పెట్టెలోనూ వద్దు. నూనె సరుకు, అంటుకుంటుందని నిషేధించారు. మీ అమ్మ ఊరుకోదు, నాలుగు చిప్పలు చుట్టి పెట్టేస్తుంది, చూసుకో.

టిక్కెట్టు మీద తేదీ ఇంకోసారి చూడు. అర్ధరాత్రి దాటాక విమానమైతే ముందురోజు రాత్రే మీనంబాక్కం ఎయిర్‌పోర్టులో ఉండాలి. అంతర్జాతీయ విమానాలకి రెండో టెర్మినల్. గంట ముందే కౌంటర్ మూసేస్తారు, కాళ్ళ మీద పడ్డా తెరవరు. 2023 డిసెంబరు నుంచి మలేషియా వాళ్ళు మనవాళ్ళని 30 రోజుల దాకా వీసా లేకుండానే రానిస్తున్నారు. అయినా బయల్దేరేముందు సరిచూసుకో. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువుండాలి. దిగడానికి ముందు మూడు రోజుల్లో వాళ్ళ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం, డబ్బడిగే వెబ్‌సైట్ జోలికి పోకు.

అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడి ఎయిర్‌పోర్టు టెర్మినల్ 2 నుంచి ఊళ్ళోకి రైలైతే 33 నిమిషాలు, బస్సైతే చవక. పొద్దున్నే హోటల్‌కి వెళ్ళి నిలబడితే గది ఇవ్వరు, మధ్యాహ్నం రెండో మూడో అవ్వాలంటారు. పెట్టె రిసెప్షన్‌లో పడేసి ఊరు తిరిగిరా. పరాయి దేశం వాళ్ళ దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల పన్ను హోటల్లోనే కట్టించుకుంటారు. మోసమనుకుని గొడవకి దిగకు, నీ నోరు నాకు తెలుసు.

ఇదంతా నీ ఫోన్ నాకంటే బాగా చెబుతుంది. నేను ఉత్తరం రాయడానికి కూర్చున్నది పెరుగు సంగతి చెబుదామని.

2012లో నేనూ మీ పెదనాన్నా ఇలాగే చవక టిక్కెట్టు మీద వెళ్ళాం. చవక విమానాలకి అప్పుడు వేరే టెర్మినల్, గోడౌన్‌లా ఉండేది. విమానం మెట్లు దిగి నడుచుకుంటూ పోవాలి. హోటల్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో. లిటిల్ ఇండియా అంటారు. పూలకొట్లు, చీరలకొట్లు, ఎక్కడ విన్నా తమిళం. పాండీ బజార్‌లో దిగినట్టే ఉంది. అదే నా కొంప ముంచింది.

మీ పెదనాన్న "రాత్రికి పెరుగు దొరుకుతుందంటావా" అని అడిగి, అడిగినంతసేపు పట్టలేదు, గుర్రు పెట్టారు. గోడకి గుచ్చి ఉన్న గది కార్డు పీకి రొంటిన దోపుకుని, ఫోన్ చార్జింగులో వదిలేసి బయల్దేరాను. మూలమీద బోర్డు చూసి వీధి పేరు బట్టీ పట్టాను: జాలన్ సెహాలా. జాలన్ అంటే వీధి అని విమానంలో పక్కావిడ చెప్పింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పెరుగు దొరికింది. తిరిగి చూస్తే ఈ వీధికీ జాలన్ సెహాలా, ఆ వీధికీ జాలన్ సెహాలా. ట్యాక్సీ అతన్ని అడిగితే నాలుగు వైపులా చెయ్యి తిప్పి వెళ్ళిపోయాడు. హోటల్ పేరేమిటంటారు, నాకు గుర్తులేదు. ఆ కాగితం ఆయన చొక్కా జేబులో ఉంది. రొంటిన ఉన్న కార్డు తీసి చూస్తే తెల్లగా ఉంది, ఒక్క అక్షరం లేదు. ముప్పావుగంట తిరిగాను. పెరుగు ప్యాకెట్టుకీ నాకూ ఒక్కలాగే చెమటలు.

మల్లెపూలు కడుతున్న ఒకావిడ నన్ను పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టింది. అది వీధి పేరు కాదమ్మా, వన్ వే అని అర్థం అని తమిళంలో చెప్పింది. నవ్వలేదు, మహాతల్లి. కిటికీలోంచి ఏం కనిపించిందని అడిగింది. గాల్లో రైలు పోతుంటే చూశానన్నాను. మోనోరైలు దారి కిందనుంచి నన్ను నడిపించుకుపోయింది. మూడో మలుపులో మా హోటల్.

మెట్ల మీద మీ పెదనాన్న, బనియనూ లుంగీతో. ఆ కార్డు గోడకుంటేనే గదిలో కరెంటుంటుందని నాకేం తెలుసు? నేను పీకగానే దీపాలూ ఏసీ ఆరిపోయాయట. ఉక్కకి మెలకువొచ్చి, నేను కనిపించక బయటికొస్తే తలుపు దానంతటదే పడిపోయింది. నన్ను చూసి ఆయన తిట్టలేదు. "పెరుగేదీ?" అన్నారు. పూలావిడ స్టూలు దగ్గర మరిచిపోయాను.

ఆ తర్వాత మేం ఎక్కడికెళ్ళినా దిగే చోటు పేరూ నంబరూ చీటీ మీద రాసి నా పర్సులో పెట్టేవారు. తిరుమల కాటేజీకి కూడా. ఆయన పోయాక పర్సు దులిపితే పదకొండు చీటీలు రాలాయి.

నీకోసం మెట్ల మీద కూర్చునేవాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు, చిట్టీ. గదిలోకి వెళ్ళేముందే రిసెప్షన్‌లో పేరూ నంబరూ ఉన్న హోటల్ కార్డు అడిగి తీసుకో. ఫోన్‌లో ఫొటో ఉందిగా అనకు, ఫోన్ చచ్చిపోతుంది. నీ హోటల్ పేరు ఇప్పుడే వాట్సాప్‌లో పంపు, చీటీ నేనే రాస్తాను, నీ కోడిగీతలు నీకే అర్థం కావు. శనివారం వచ్చి తీసుకుపో. ఆవకాయ కూడా కట్టి ఉంచుతాను.

నీ పెద్దమ్మ