పక్షవాతం తర్వాత మంచినీళ్లకే పొలమారుతుంటే

పక్షవాతం వచ్చిన మీ నాన్నగారికి అన్నం బాగానే దిగుతున్నా నీళ్లు తాగితే పొలమారుతోందని రాశారు. అంటే, పలచటి నీళ్లు గొంతు మూసుకునేలోపే శ్వాసనాళం వైపు జారుతున్నట్టుంది.

1. నాన్నగారు చెంబు ఎత్తి పోసుకుంటారని రాశారుగా, ముందు అది మాన్పించండి. తల వెనక్కి వాలిస్తే నీళ్లు సూటిగా లోపలికి పడతాయి. చాలామంది నీళ్లు చిక్కబరిచే పొడి కొంటారు గానీ ఈ ఎత్తి పోసుకునే అలవాటు మాన్పించరు. నిటారుగా కూర్చోబెట్టి, గ్లాసు పెదవులకు ఆనించి, ఒక్కో చిన్న గుక్క. ఎంగిలైనా ఫర్వాలేదు.

2. నోట్లోని క్రిములు నీళ్లతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోకుండా, నోరు రోజూ శుభ్రం చేయించండి.

3. దగ్గు ఆగినంత మాత్రాన తగ్గినట్టు కాదు; చప్పుడు లేకుండానే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. స్పీచ్ థెరపిస్టుకు చూపించండి, మింగుడు సమస్యా వాళ్ల పనే. వీడియోఫ్లోరోస్కోపీ (మింగుతుండగా ఎక్స్‌రేతో వీడియో తీసే పరీక్ష) అవసరమో కాదో వాళ్లు చెబుతారు. గడ్డం ఛాతీ వైపు దించి మింగడం అందరికీ పడదు, వాళ్లను అడిగాకే చేయించండి.

జ్వరం, ఆయాసం వస్తే అదే రోజు ఆసుపత్రికి.